మిల్లు కూతకు కోసిన ట్యూబా

ఫిబ్రవరి 2

మావయ్యకి,

మీ పొట్టి నమస్కారాలు. మీ ట్యూబా క్షేమంగా చేరింది. ఆ చెక్కపెట్టెను మూడో అంతస్తుకు ఎక్కించడానికి లారీ మనుషులిద్దరూ, కింది వాటా ఆయనా, నేనూ, నలుగురం పట్టాల్సి వచ్చింది. మెట్ల మలుపులో ఇరుక్కుంటే కింది వాటా ఆయన "ఏముందమ్మా ఇందులో, బావి గిలకా?" అని అడిగాడు. విప్పి ఆ బండెడు ఇత్తడి బాకాను చూపించాను. "దీన్ని నువ్వు ఊదుతావా?" అంటూ నన్ను కింద నుంచి పై దాకా చూశాడు. నా ఎత్తుకు అలా చూడ్డానికి ఎంతోసేపు పట్టలేదు లెండి.

మీరు ఈ మధ్య ఫోను ఎత్తడం లేదు. ఎత్తినా మాట్లాడకుండా అత్తయ్య చేతికి ఇచ్చేస్తున్నారు. అందుకే ఉత్తరం రాస్తున్నాను. దీనికైనా మీరే జవాబివ్వండి.

ఇక్కడి వాద్యబృందంలో ట్యూబాకు ఉన్నది ఒక్కటే కుర్చీ. అందులో ఇన్నేళ్ళూ కూర్చున్నాయన రిటైరై, తన వాద్యం తను తీసుకుపోయాడు. నన్ను తీసుకున్నారు గానీ పరీక్ష మీద. ఏప్రిల్ 26న పెద్ద కచేరీ. ఆ రోజు నచ్చితే ఉద్యోగం ఖాయం, నచ్చకపోతే దండం పెట్టి పంపించేస్తారు. వాద్యం మాత్రం నా ఇష్టానికే వదిలారు. "సొంతది ఉంటే తెచ్చుకో, లేకపోతే మేమే కొత్తది తెప్పిస్తాం. పాతదైనా కొత్తదైనా నాకొకటే, శ్రుతిలో ఉండాలి" అన్నాడు కండక్టరు. టికెట్లు కొట్టే కండక్టరు కాదు, పుల్ల పట్టుకుని అందరి ముందూ నిలబడే ఆయన. "మా మావయ్య ట్యూబా వస్తోంది" అని గొప్పగా చెప్పాను.

మొన్న మొదటిసారి దాన్ని అందరితో కలిసి వాయించాను. ఏం గొంతు మావయ్యా దానిది! నేను తీసిన మొదటి స్వరానికే పక్కన కూర్చుని ట్రాంబోన్ ఊదే పెద్దాయన తల తిప్పి చూశాడు. కాసేపటికి మిగతావాళ్ళూ చూశారు, కానీ వేరే కారణానికి. నా శ్రుతి అందరికంటే పైన ఉంది. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెదొక దారి అన్నట్టయింది. గొట్టం పొడవు పెరిగితే స్వరం దిగుతుంది కదా అని, లోపలికీ బయటికీ జరిగే పెద్ద స్లైడు గొట్టాన్ని బయటికి లాగాను. ఉన్నంతా లాగినా చాల్లేదు. ఇంకొంచెం లాగితే ఊడి ఒళ్ళో పడుతుంది. కండక్టరు చిన్న పుస్తకం తీసి ఏదో రాసుకున్నాడు. నాకు అదే భయంగా ఉంది.

మిల్లు బ్యాండులో మీరు ముప్పై ఆరేళ్ళు దాన్ని వాయించారు. మీరు శ్రుతి తప్పారని ఎవరూ అనగా నేను వినలేదు. కాబట్టి తప్పు నా పెదవుల్లోనే ఉండాలి. ఏం చెయ్యమంటారో చెప్పండి.

మీ పొట్టి


ఫిబ్రవరి 9

ఒసేయ్ పొట్టీ,

నీ ఉత్తరం మీ అత్తయ్య రెండుసార్లు పైకి చదివింది. బావి గిలక దగ్గర ఇద్దరం కడుపు పట్టుకుని నవ్వాం. నీకు తొమ్మిదేళ్ళప్పుడు మన బాకాల మరమ్మతు కొట్లో ఆ ట్యూబా వెనక కూర్చుంటే, కింద రెండు పాదాలు తప్ప నువ్వెక్కడా కనిపించేదానివి కాదు. అయినా మొదటి ఊదుకే అద్దాల బీరువా గడగడలాడింది. పిట్ట కొంచెం, కూత ఘనం అని ఆ రోజే అన్నాను. ఇప్పుడు నా మాట నిజమైందని ఈ వీధిలో అందరికీ చెప్పుకు తిరుగుతున్నాను.

ఆడలేక మద్దెల ఓడు అనలేదు చూడు నువ్వు, అది నాకు నచ్చింది. తప్పు నీలోనే వెతుక్కున్నావు. శ్రుతి పైకి పోతోందంటే పెదవులు బిగించావన్నమాట. కొత్త చోటు, కొత్త జనం, భయపడ్డవాళ్ళెవరైనా బిగిస్తారు. భుజాలు వదిలెయ్యి. నిప్పు రాజేసేట్టు ఊదకు. అద్దం మీద ఆవిరి పట్టించేట్టు ఊదు. ఇంకో మాట. శ్రుతి చూపించే యంత్రాన్ని ఎదురుగా పెట్టుకుని ముల్లు చూస్తూ ఊదకు. ముల్లును చూస్తే నీకు తెలియకుండానే పెదవి దాని వెంట పోతుంది, అప్పుడు వాద్యం సంగతీ తెలియదు, నీ సంగతీ తెలియదు. కళ్ళు మూసుకుని స్వరం తియ్యి. అది కుదురుకున్నాక కళ్ళు తెరిచి చూడు. దానికి పుట్టుకతోనే ఒకటి రెండు స్వరాలు కాస్త దిగుతాయి. వాటి కోసం ఎడమ చెయ్యి ఎప్పుడూ మొదటి వాల్వు స్లైడు మీదే ఉంచు, స్వరం వచ్చే ముందే రవ్వంత లోపలికి నొక్కు. పాత వాద్యానికి రెండు చేతులూ పనిచెయ్యాలి.

పాతదా కొత్తదా అనే ఊగిసలాట పెట్టుకోకు. మిల్లు మూతపడ్డాక అది నా కొట్టు వెనక దుమ్ము కొట్టుకుని పడుంది. నీ దగ్గరుంటేనే దానికి బతుకు.

ఇక్కడ అంతా మామూలే. బడి పిల్లలు సొట్టలు పడిన బాకాలు తెస్తారు, నేను సొట్టలు తీస్తాను, వాళ్ళు మళ్ళీ పడేస్తారు. ఆదివారాలు, మిల్లు బ్యాండులో కార్నెట్ అనే చిన్న బాకా ఊదిన మన కార్నెట్ వస్తాడు, కాసేపు గోడకానుకుని కూర్చుని వెళ్ళిపోతాడు. అత్తయ్య ఈ మధ్య అన్నీ మెత్తగా ఉడికించి పెడుతోంది, నాకే నచ్చడం లేదు. ఫోనులో మాటలు గాలికి పోతాయి. ఉత్తరమే నయం, రాస్తూ ఉండు.

నీ గొంతు వినకపోయినా నీ ట్యూబా వింటున్నాననుకునే

మావయ్య


ఫిబ్రవరి 23

మావయ్యకి,

మీరు చెప్పినట్టే పది రోజులు చేశాను. పెదవులు వదులు చేశాను. ఇంకా వదులు చేశాను. చివరికి నా స్వరం తడిగుడ్డ ఆరేసినట్టు వేలాడింది, శ్రుతి మాత్రం పైనే ఉంది. నిన్న కండక్టరు అందరి ముందూ ఆపి, "ఒంట్లో బాగోలేదామ్మా?" అని అడిగాడు. ఆ జాలి కంటే తిట్టినా బాగుండేది.

సాయంత్రం అందరూ వెళ్ళాక ట్రాంబోన్ పెద్దాయన "ఇలా ఇవ్వు" అని ట్యూబా తీసుకున్నాడు. ఆయన నలభై ఏళ్ళుగా వాయిస్తున్న మనిషి, ట్యూబా కూడా వచ్చు. నన్ను యంత్రం పట్టుకోమని, కళ్ళు మూసుకుని ఒక్కో స్వరం తీశాడు. అన్నీ పైకే పోయాయి మావయ్యా. ఆయన ఊదినా అంతే. పెద్ద స్లైడు లాగితే ఉత్త స్వరాలు కాస్త దిగుతున్నాయి గానీ, వేలితో వాల్వు నొక్కితే మళ్ళీ పైకే. తప్పు నాది కాదు, వాద్యానిది.

అప్పుడు స్లైడులన్నీ ఊడదీసి దీపం కింద చూశాను. ప్రతి గొట్టం చివరా రంపం జాడ ఉంది. కంపెనీ నుంచి వచ్చినట్టు లేవు. మీకు ఇచ్చేముందే ఎవరో చేతగానివాడు వాటిని కోసిపారేసి, ఇంత మంచి వాద్యాన్ని పాడుచేశాడు. మీరు పాపం అన్నేళ్ళూ పెదవులతో లాక్కొచ్చి ఉంటారు. ఎలా చేశారో తలచుకుంటే ఆశ్చర్యంగా ఉంది.

ఇక్కడి వాద్యాల కొట్టువాళ్ళు ఒక కొత్త ట్యూబా వాయించి చూసుకోమని పంపారు. వాల్వులు ఇట్టే కదులుతాయి, ఎక్కడా గాలి కారదు. ఏ స్వరం ఎక్కడుండాలో అక్కడే ఉంటుంది, అత్తయ్య సర్దిన అలమరలాగా. కానీ దాని గొంతులో ఇంకా ఎవరూ కాపురం పెట్టలేదు. పాతది శ్రుతి తప్పినా మనిషి మాట్లాడినట్టుంటుంది. ఏం చెయ్యాలో తోచడం లేదు. ఏప్రిల్ ఎంతో దూరం లేదు.

పొట్టి


మార్చి 3

పొట్టికి,

ఆ చేతగానివాణ్ణి నేనే.

నాకప్పుడు ఇరవై ఏళ్ళు. పగలు మిల్లులో ఫిట్టరు పని, సాయంత్రం బ్యాండులో ట్యూబా. షిఫ్టు మారే వేళ గేటు దగ్గర వాయించడం మా డ్యూటీ. మేము పాట మధ్యలో ఉండగా మిల్లు ఆవిరి కూత వేసేది. ఆ కూతకూ మాకూ అస్సలు పొసగేది కాదు. పని దిగి వచ్చేవాళ్ళు చెవులు మూసుకుని మా ముందు నుంచి పోయేవాళ్ళు. ఒకరోజు బ్యాండు మేస్త్రి మా పద్నాలుగు మందినీ వరసగా నిలబెట్టి, "కూతను మనం మార్చలేం, అది మిల్లుది. మనమే మారాలి" అన్నాడు. పైగా ఆ కూతను లోకమంతా ఒప్పుకున్న శ్రుతికే చేయించారని చెప్పాడు. మేస్త్రి చెప్పాక ఇక తిరుగేముంది?

అందరి స్లైడులూ నేనే కోశాను. ఏ గొట్టానికి ఎంత తియ్యాలో కాగితం మీద గీసుకుని, రంపంతో కోసి, ఆకురాయితో అంచులు నున్న చేసి, నాలుగు నెలలు పట్టింది. పెద్ద స్లైడుకు బాగా తీశాను, రెండో వాల్వుకు గోరంత తీశాను. అన్నీ అయిన మర్నాడు కూత వేసినప్పుడు మా పాట దానిలో కలిసిపోయింది. గేటు దగ్గర జనం నడవడం మానేసి నిలబడిపోయారు. మేస్త్రి నా భుజం మీద చెయ్యి వేశాడు. నా బతుకులో అంతకంటే గొప్ప రోజు ఇంకోటి లేదు.

అప్పట్నుంచి రేడియోలో ఎవరు వాయించినా మాకు కాస్త దిగినట్టే వినిపించేది. పాపం పెద్ద పెద్దవాళ్ళే, శ్రుతి కుదరదు అని నవ్వుకునేవాళ్ళం.

ఇప్పుడు నువ్వు లోకమే ఒప్పు, మేమే తప్పు అంటున్నావు. కావచ్చు. పోటీలకు వెళ్ళినా ఎవరి బ్యాండు వాళ్ళే విడిగా వాయిస్తారు, పక్కవాళ్ళతో పోల్చి చూసిందెవరు? నీ ఉద్యోగం ముఖ్యం. ఆ కొత్తదే తెప్పించుకో. ఇది ఎప్పుడు వీలైతే అప్పుడు వెనక్కి పంపించు.

మావయ్య


మార్చి 8

మావయ్యకి,

కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేం అంటారు. నేను జారిందేమో కాగితం మీద. మీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను, నాలుగుసార్లూ నా చెంపలు నేనే వేసుకున్నాను. నన్ను క్షమించండి. కోపం తగ్గకపోతే తిట్టి రాయండి, సగం కాగితంతో మాత్రం ఊరుకోకండి.

ఇప్పుడు నేను చెప్పేది బుజ్జగింపు అనుకోవద్దు. మీ ఉత్తరం చదివాక ఆ స్లైడులు మళ్ళీ తీసి, స్కేలు పెట్టి కొలిచాను. ట్రాంబోన్ పెద్దాయన తన కళ్ళజోడు తుడుచుకుని ఒక్కో అంచూ వేలితో తడిమాడు. "ఇది కోసినవాడికి పని తెలుసు. ఐదు గొట్టాలకూ ఒకే పాలు తీశాడు, వెంట్రుకవాసి తేడా లేదు" అన్నాడు. నేను ముందు చూసింది రంపం జాడలే గానీ ఆ లెక్క చూడలేదు. మీ ట్యూబా తనలో తాను పూర్తిగా శ్రుతిలోనే ఉంది. మొత్తంగా ఒక మెట్టులో సగం పైన కూర్చుంది, అంతే. ఇరవై ఏళ్ళవాడు యంత్రం లేకుండా చెవితో ఆ పని చేశాడంటే ఆయన నమ్మలేదు. "మా మావయ్య" అన్నాను. ఇంటికి వచ్చేదాకా ఆ మాట నాలోనే మోగుతూ ఉంది.

తర్వాత ఖాళీ హాల్లో ఒక పరీక్ష పెట్టాం. ఆయన చివరి వరసలో నాకు వీపు పెట్టి కూర్చున్నాడు. నేను కొత్తదీ పాతదీ మార్చి మార్చి ఒక్కో స్వరం వాయించాను. పదిసార్లు అడిగితే పదిసార్లూ మీదే బాగుందన్నాడు. నాకూ అదే కావాలనిపిస్తోంది.

అందుకే అడుగుతున్నాను. కోసిన మీరే వాటిని మళ్ళీ పొడవు చెయ్యగలరా? చేస్తే అది లోకంతో కలుస్తుంది, నేను కచేరీలో దాన్నే వాయిస్తాను. మీరు సరేనంటారన్న ధీమాతో ఐదు స్లైడులూ ఒక్కోదాన్నీ ఒక్కో మేజోడులో దూర్చి పార్సిల్ చేశాను. మేజోళ్ళు ఉతికినవే.

తలొంచుకుని,
మీ పొట్టి


మార్చి 17

ఒసేయ్ పొట్టీ,

కోపం ఉత్తరం పోస్టు చేసిన రోజే పోయింది. మీ అత్తయ్య నన్ను చూసి, "తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే మనిషివి, పిల్ల నాలుగో కాలు చూపిస్తే ఏడుపెందుకు?" అంది. ఆవిడ వాళ్ళ అక్కకు ఒంట్లో బాగోలేదని నిన్న ఊరెళ్ళింది. కొట్లో నేనూ నీ మేజోళ్ళూ మిగిలాం.

నువ్వు కొలిచావు కదా, నేనూ కొలవాలి కదా. బడికి వెళ్ళి సైన్సు మాస్టారు దగ్గర, కొడితే ఎప్పుడూ ఒకే స్వరం మోగే శ్రుతిదండం అడిగి తెచ్చుకున్నాను. కొట్టి చెవి దగ్గర పెట్టుకున్నాను. తర్వాత మిల్లు కూతను తలచుకుని గొంతుతో అన్నాను. అది నాకు నిద్రలో లేపినా వస్తుంది. రెండూ కలవలేదు. మళ్ళీ కొట్టాను. కలవలేదు. కూతే పైన ఉంది. పొట్టీ, నాకు బాధేసింది. దాచుకోవడం ఎందుకు?

ఆదివారం మనవాళ్ళకు చూపించాను. బ్యాండులో ఇప్పుడు మిగిలింది నాతో కలిపి ఎనిమిది మందిమి. ఏడుగురూ ఎప్పట్లాగే గోడ పక్కన సర్దుకుని కూర్చున్నారు. నేను దండం కొట్టాను, వాళ్ళు ఒక్కొక్కరే ఊదారు. అందరివీ ఒకటే ఎత్తు, దండం ఒక్కటే కింద. కార్నెట్ మొహం మాడ్చుకుని, "అంటే నా పెళ్ళి ఊరేగింపులో కూడా తప్పే వాయించామా?" అన్నాడు. డ్రమ్ము వాయించేవాడు మాత్రం, "నాకేం సంబంధం లేదు, నేను మొదట్నుంచీ ఒప్పే" అని చేతులు దులుపుకున్నాడు. ఆ నవ్వుల్లో ఒక పాట మొదలుపెట్టారు గానీ సగంలో ఆపేశారు. కింద ట్యూబా లేకపోతే పైన ఊదేవాళ్ళకు కాళ్ళు ఆనవు. ఈ రెండు నెలలుగా అంతే.

స్లైడుల పని నాకు వదిలెయ్యి. సరిపడే ఇత్తడి గొట్టం దొరికింది. పెద్దదానికి రెండు కాళ్ళకూ బెత్తెడేసి, మిగతావాటికి తగ్గట్టు, ముక్క వేసి టంకం పెడతాను. 30వ తేదీ ఆదివారం కూర్చుంటాను. నువ్వు ఊపిరి మీద ధ్యాస పెట్టు.

మావయ్య


మార్చి 25

మావయ్యా,

ఆపండి! ఈ ఉత్తరం అందేసరికి టంకం పెట్టే దీపం వెలిగించి ఉంటే ఆర్పెయ్యండి. మీకు పదకొండుసార్లు ఫోను చేశాను, మీరు ఎత్తరు. అత్తయ్య ఊళ్ళో లేదు. అందుకే పరుగున రాస్తున్నాను.

"ఎప్పట్లాగే గోడ పక్కన" అని రాశారు. "ఈ రెండు నెలలుగా అంతే" అని కూడా రాశారు. రెండు నెలల కిందటే కదా ట్యూబా నా దగ్గరికి వచ్చింది! అమ్మను అడిగాను. మిల్లు మూతపడి పదకొండేళ్ళయినా మీ ఎనిమిది మందీ ఒక్క ఆదివారం కూడా మానకుండా కొట్టు వెనక షెడ్డులో వాయించుకుంటున్నారట. నాకేమో దుమ్ము కొట్టుకుని పడుందని చెప్పారు. కార్నెట్ బాబాయి ఊరికే వచ్చి గోడకానుకుని వెళ్ళిపోతాడని రాశారు. ఊరికే కాదు, మీరు నాకిచ్చేసిన ట్యూబా లేక వాయించలేక వెళ్ళిపోతున్నాడు. నా ఉద్యోగం కోసం ఏడుగురి ఆదివారాలు పట్టుకొచ్చి నా గదిలో పెట్టుకున్నాను. నన్ను ఎందుకు ఇంత పాపం చెయ్యనిచ్చారు మావయ్యా?

దాన్ని పొడవు చేస్తే నాతో కలుస్తుంది గానీ మీ ఏడుగురితో ఇక ఎప్పటికీ కలవదు. ఆ పని మాత్రం నా కోసం చెయ్యొద్దు. నేను కొత్తదే తెప్పించమని కండక్టరుకు చెప్పేశాను. వచ్చే సోమవారం బృందం వ్యాను మీ వైపే వస్తోంది, అందులో మీ ట్యూబాను పంపిస్తున్నాను. స్లైడులు మీ దగ్గరే ఉన్నాయి కదా, తొడిగి మీ శ్రుతిలోనే వాయించుకోండి.

కొత్తది చెడ్డదేమీ కాదు. దానిలోనూ ఒక స్వరం దిగుతుంది, శ్రుతి అనేది కొట్లో అమ్మరని అర్థమైంది. మీరు నేర్పినట్టే కళ్ళు మూసుకుని దాని గుణం తెలుసుకుంటున్నాను.

మీ పొట్టి


ఏప్రిల్ 2

పిచ్చి పొట్టీ,

ఆదివారం పని ముగించాను. సోమవారం ఉదయం స్లైడులు నీకు పార్సిల్ చేసి ఇంటికొచ్చాను. మధ్యాహ్నం వ్యానువాళ్ళు ట్యూబాను దించి వెళ్ళారు. సాయంత్రం నీ ఉత్తరం వచ్చింది. ఇప్పుడు మొండెం నా దగ్గర, పేగులు నీ దగ్గర. కార్నెట్ వచ్చి చూసి, మేనమామకూ మేనకోడలికీ కలిపి ఒక బుర్ర ఇచ్చి ఉంటే సరిపోయేదన్నాడు.

నువ్వు అనుకున్నదాంట్లో సగమే నిజం. ఆదివారాల సంగతి నిజం. అది నీకు చెప్తే ట్యూబా తీసుకోవని దాచాను. కానీ వాళ్ళు వాయించలేకపోతున్నది ట్యూబా నీ దగ్గరుండబట్టి కాదు. జనవరిలో నా ముందు పళ్ళు నాలుగూ పోయాయి. మెట్ల మీద జారాను, అంతకంటే పెద్ద కథేం లేదు. పళ్ళు కట్టించుకున్నాను, నమలడానికి పనికొస్తాయి, ట్యూబా ఊదడానికి రావు. పెదవులకు మౌత్‌పీస్ ఆనించగానే కదులుతాయి. వారం రోజులు తలుపేసుకుని ప్రయత్నించాను. అయిపోయింది పొట్టీ. మాట కూడా ఈలేస్తూ వస్తోంది, నువ్వు నవ్వుతావని ఫోను ఎత్తలేదు. నవ్వవని నాకు తెలుసు. ఏడుస్తావనే ఎత్తలేదు.

ఇక స్లైడులు పొడవు చెయ్యడం నా ఒక్కడి నిర్ణయం కాదు. ఏడుగురినీ అడిగాను. "ఇక్కడ ఊదేవాడు లేడు. మన వాద్యాల్లో ఒక్కటైనా లోకంతో కలిసి మోగనీ" అన్నాడు కార్నెట్. ఆదివారం అందరూ వచ్చారు. టంకం పెడుతుంటే ఒకడు గొట్టం పట్టుకున్నాడు, ఒకడు దీపం పట్టుకున్నాడు. డ్రమ్మువాడు ఏమీ పట్టుకోకుండా అందరికీ సలహాలిచ్చాడు.

ఇప్పుడు కంగారుపడి ట్యూబా మళ్ళీ రప్పించుకోవద్దు. మూడు వారాలే ఉన్నాయి. మొదలుపెట్టినదానితోనే వాయించు. కొత్తదాని గుణం కనుక్కుంటున్నానన్నావు చూడు, ఆ మాట చదివి నాకు కడుపు నిండిపోయింది. వాద్యం పాతదా కొత్తదా అని అడిగేవాళ్ళు చాలామంది ఉంటారు. దీని గుణమేంటి అని అడిగేవాళ్ళే వాయించేవాళ్ళు.

పళ్ళున్నా లేకున్నా నీ

మావయ్య


ఏప్రిల్ 28

మావయ్యకి,

మీ ఉత్తరం చదివి, మీరన్నట్టే ఏడ్చాను. దాని గురించి ఇంకేమీ రాయలేను, మళ్ళీ మొదలవుతుంది.

ఉద్యోగం ఖాయమైంది. కచేరీ అయ్యాక కండక్టరు ఆ చిన్న పుస్తకం తీసి ఫిబ్రవరిలో రాసుకున్నది చూపించాడు. "గొంతు అద్భుతం, శ్రుతి లేదు, నెల ఆగుదాం" అని ఉంది. అదా నేను మూడు నెలలు భయపడింది!

మీతో అబద్ధం చెప్పను. అందరం కలిసి పూర్తి బలంతో వాయించేటప్పుడు కొత్తదే సరైనది. దాని గొట్టం లావు, ఎనభై మంది కింద చాలా వెడల్పుగా పరుచుకుంటుంది. మీది ఉంటే అంత గోలలో పాపం అరవాల్సి వచ్చేది. ఒంటరిగా వాయిస్తే మాత్రం మీదాన్ని మించింది లేదు. మూడో భాగంలో అందరూ ఆగిపోయి నేనొక్కదాన్నే తగ్గుస్వరంలో పన్నెండు మాత్రలు నిలబెట్టే చోట మీరే గుర్తొచ్చారు. అద్దం మీద ఆవిరి పట్టించాను. స్వరం కదల్లేదు. ట్రాంబోన్ పెద్దాయన కాలితో నా కాలు మెల్లగా తొక్కాడు, బాగుందని చెప్పడం ఆయన పద్ధతి.

మీ స్లైడులు నా బల్ల మీద ఉన్నాయి. అతుకు ఎక్కడుందో వేలికి తెలియడం లేదు, అంత నునుపుగా చేశారు. వీటినేం చెయ్యమంటారు? మొండెం ఇక్కడికి రావాలా, పేగులు అక్కడికి రావాలా?

మీ పొట్టి


మే 4

ఒసేయ్ పొట్టీ,

కచేరీకి నేనొచ్చాను. కార్నెట్ కూడా వచ్చాడు. చివరి వరసలో కూర్చున్నాం. అయిపోగానే ఆఖరి బస్సు కోసం పరుగెత్తాం, అందుకే నిన్ను కలవలేదు.

నువ్వొక్కదానివే మిగిలిన ఆ చోట కార్నెట్ నా చెయ్యి పట్టుకున్నాడు. తర్వాత ఒక్కొక్కరే వచ్చి నీ స్వరం మీద నిలబడుతుంటే, ఏ ఒక్కరూ తడబడకుండా నిలబడుతుంటే, లోకం శ్రుతి ఎలా ఉంటుందో నా అరవై ఏడో ఏట మొదటిసారి విన్నాను. బాగుంది పొట్టీ. చాలా బాగుంది. నేను అలా వాయించలేదన్న బాధ బస్సెక్కేదాకా ఉంది. బస్సు కదిలాక, అది నా మేనకోడలు అని పక్క సీటు ఆయనకు చెప్పాను. ఆయన అడగలేదు. అయినా ఇంటిదాకా చెప్పాను.

ఇక స్లైడుల సంగతి. ఈ రోజు ఎనిమిది మందిమీ కూర్చుని తేల్చాం. నేను వేసిన ముక్కలు నేనే తీసేస్తాను. ట్యూబా మళ్ళీ కూత శ్రుతికే వస్తుంది, వీళ్ళ వాద్యాలతో కలుస్తుంది. మిగిలిన చిక్కల్లా దాన్ని ఊదే మనిషి. దాని కోసం కింద కాగితం జత చేశాను. కార్నెట్ చెప్పాడు, నేను రాశాను, డ్రమ్మువాడు తప్పులు దిద్దాడు.

మావయ్య

"మిల్లు బ్యాండు నుంచి పొట్టిగారికి. మా ట్యూబా కుర్చీ జనవరి నుంచి ఖాళీగా ఉంది. నెలకొక ఆదివారం మీరు వచ్చి అందులో కూర్చోవాలి. మా శ్రుతి లోకానికంటే సగం మెట్టు పైన ఉంటుంది, ఇక్కడున్నంతసేపు అదే ఒప్పనుకుని వాయించాలి. వచ్చేటప్పుడు స్లైడులు మేజోళ్ళలో పెట్టి తీసుకురావాలి. మీ వాయిద్యం మాలో ఇద్దరం విన్నాం, మిగతా ఆరుగురం వాళ్ళ మొహాలు చూశాం. కాబట్టి పరీక్ష ఏమీ లేదు. మీ ఉద్యోగం ఈ రోజు నుంచే ఖాయం."

(ఎనిమిది సంతకాలు)